సీసా అడుగున పలుకులు

ఆ గాజు ఫ్యాక్టరీలో అతన్ని అందరూ డేగ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, జీతాల గుమాస్తాకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. అతని చూపు గురించి చెప్పుకునే మాటల్లో సగం కోతలని తీసేసినా, మిగిలిన సగానికే మతి పోతుంది. ఎదుటి కొండ మీద పాకే చీమ ఏ కాలు కుంటుతోందో చెప్పేవాడట. ఒకసారి యజమాని కొత్త కళ్లద్దాలు పెట్టుకుని కారు దిగుతుంటే, గేటు అవతలి నుంచే "ఎడమ అద్దంలో బుడగ ఉందండీ, మార్పించుకోండి" అన్నాడట. యజమాని నవ్వి ఊరుకున్నాడు. వారం తర్వాత ఎందుకైనా మంచిదని మార్పించుకున్నాడు. ఈగలు సైతం రెక్కలు సర్దుకుని గాని అతని ముందు వాలేవి కావని చెప్పేవాళ్లూ ఉన్నారు.

అతని పని ఏమిటంటే, తెల్లగా వెలిగే పలక ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం. కొత్త సీసాలు బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వెళుతుంటే, పగులున్నదాన్నీ బుడగున్నదాన్నీ మూతి వంకర పోయినదాన్నీ మెడ పట్టి లాగి పక్క తొట్లో పడేయడం. రిటైరయ్యేదాకా ఇరవై ఆరేళ్లు అదే పని. అవన్నీ ఖాళీ సీసాలే. నిండు సీసాతో అతనికి ఎప్పుడూ అవసరం రాలేదు. ఇంట్లో నీళ్లగ్లాసు అందించినా ముందు గ్లాసును చూసేవాడు, తర్వాతే నీళ్లు తాగేవాడు.

అతని భార్య తమ్ముడు అదే ఫ్యాక్టరీలో పొయ్యి మేస్త్రి. అచ్చులోంచి ఎర్రగా బయటపడ్డ సీసా గబుక్కున చల్లారితే, దాని కోపం లోపలే ఉండిపోతుంది. ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. అందుకని దాన్ని పొడవాటి పొయ్యిలో పెట్టి, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు మెల్లమెల్లగా చల్లార్చాలి. ఆ పొయ్యి అతనిది. డేగే యజమాని కాళ్లావేళ్లా పడి బావమరిదికి ఆ పని ఇప్పించాడు. బావా బావమరుదులు ఒకే సైకిలు మీద వచ్చేవారు, ఒకే డబ్బా విప్పుకుని తినేవారు.

పద్నాలుగేళ్ల కిందట ఒక చలికాలంలో ఆ సైకిలు ప్రయాణం ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ దగ్గర సీసాలు కొనే వైన్ కంపెనీ ఒకటి ఉండేది. వాళ్లు చేసే తెల్ల వైన్ అంత చవకది ఇంకోటి లేదు. చుట్టపుచూపుగా వెళ్లేవాడు దాన్ని చేత్తో పట్టుకెళితే ఇంటివాళ్లు గుమ్మంలోనే మొహం ముడుచుకునే సరుకు. ఆ ఏడు చలికి వీధి కుళాయిలు గడ్డకట్టాయి. కంపెనీ షెడ్డులో ఉన్న ఆ వైన్ పెట్టెలు నలభై గాజు ఫ్యాక్టరీకి తిరిగొచ్చాయి. ప్రతి సీసా అడుగునా తళతళలాడే పలుకులు. కొన్నవాడెవడో గాజు ముక్కలు అమ్ముతున్నారని గోల చేశాడు.

"గాజేనా?" అన్నాడు యజమాని.

డేగ సీసాను దీపానికి ఎదురుగా పెట్టాడు. తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాడు. పదునైన అంచులతో పలుకులు మెరుస్తూ కిందికి జారాయి.

"గాజే," అన్నాడు. "లోపలి గోడ పొట్టు రాలుతోంది. పొయ్యిలో సరిగ్గా చల్లారలేదు."

బావమరిది అక్కడే ఉన్నాడు. ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "బావా, ఒక్కదాని మూత తీయించు. ముక్క చేతిలోకి తీసుకుని చూడు. నా పొయ్యి నాకు తెలుసు."

"మూత తీసేది తాగేవాడి పని. చూసేది నా పని. చూశాను."

డేగ మాటకు ఆ ఫ్యాక్టరీలో తిరుగులేదు. సాయంత్రానికి బావమరిది గేటు బయట ఉన్నాడు. పొట్టు రాలే గాజు చేశాడన్న పేరు అతనికంటే ముందే మిగతా ఫ్యాక్టరీలన్నింటికీ చేరింది. చివరికి పగిలిన గాజును సుత్తితో నలగ్గొట్టే పెంకుల యార్డులో చేరాడు. పెళ్లాం పుట్టింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గూడు కట్టుకుంది.

తిరిగొచ్చిన పెట్టెల్ని పగలగొట్టి కరిగించమన్నారు. డేగ ఎనిమిది పెట్టెలు అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. రేపెవరైనా వేలెత్తి చూపితే తను తప్పుగా చూడలేదని చూపించడానికి సాక్ష్యం కావాలి కదా. ఇంటి కింద నేలమాళిగ ఉంది, ఎండాకాలంలో కూడా అరికాళ్లు జివ్వుమనేంత చల్లన. అక్కడ చెక్క అరల మీద తొంభై ఆరు సీసాల్ని వరుసగా పడుకోబెట్టి తలుపు వేశాడు.

వేలెత్తి చూపినవాళ్లు ఎవరూ లేరు. భార్య ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కాదు, ఆ రోజు నుంచి ఆమె మాటలే పొదుపు చేసింది. పద్నాలుగేళ్లలో ఆమె అతనితో ఆడిన మాటలన్నీ కలిపి మూటగడితే చంకలో పెట్టుకుని నడవొచ్చు. అందులో సగం "భోజనం పెట్టాను" అన్నవే.

ఇదంతా ఇలా ఉండగా, పక్కింట్లోకి ఒక పెద్దాయన దిగాడు. రైళ్లలో టికెట్లు చూసి చూసి రిటైరైన మనిషి. అందరూ టికెట్ల పెద్దాయన అంటారు. ఒక మంగళవారం మధ్యాహ్నం రెండిళ్లకూ మధ్య గోడ చెమ్మగిల్లిందని, ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని డేగతో కలిసి నేలమాళిగలోకి దిగాడు. గోడ మాట మరిచిపోయి అరల ముందు నిలబడిపోయాడు.

"ఇవెన్నాళ్ల నుంచి ఉన్నాయండీ ఇక్కడ?"

"పద్నాలుగేళ్లు."

"ఇలాగే, పడుకోబెట్టి?"

"ఆఁ."

"ఎవరూ కదపకుండా?"

"ఎవరు కదుపుతారు. మా ఆవిడ ఈ మెట్లు దిగి పద్నాలుగేళ్లు."

పెద్దాయన ఒక సీసా మీద దుమ్ము బొటనవేలితో తుడిచి కంపెనీ పేరు చదివి, మెట్టు మీద చతికిలపడ్డాడు. పిల్లకు సంబంధం కుదిరినంత సంతోషం మొహంలో. "మీరు మామూలు మనిషి కాదు. ఖరీదైన వైన్ ఎవడైనా దాస్తాడు. ఇలాంటి చవక తెల్లదాన్ని కొన్న వారమే తాగి, మూతి వంకర పెట్టి, సీసా గిరాటేస్తారు. దానికి ముసలితనం వస్తే ఎలా ఉంటుందో ఎవడికీ తెలీదు. నేను ముప్ఫై ఏళ్లుగా దాస్తున్నాను. పదింటిలో నాలుగు నీళ్లయిపోతాయి, మూడు పుల్లబడి చస్తాయి. మిగిలిన మూడు ఉంటాయి చూశారూ, వాటికోసం పెళ్లాంతో ఎన్ని తిట్లైనా తినొచ్చు."

"అవి తాగేవి కావండీ. లోపల గాజు ఉంది."

"గాజా? చూద్దాం ఉండండి."

టికెట్లకు చిల్లు పొడిచే మర ఉండే జేబులో ఆయన ఇప్పుడు బిరడా లాగే మర పెట్టుకుని తిరుగుతాడు. డేగ వద్దు వద్దంటుండగానే సీసా మూత తీశాడు. బిరడా అడుగున కూడా మెరిసే పలుకులు అంటుకుని ఉన్నాయి. వైన్ గ్లాసులోకి వంచితే, కొత్తలో ఎండుగడ్డి రంగున్నది పాత బంగారం రంగులో దిగింది. ఆయన ముక్కు గ్లాసులో ముంచినంత పని చేశాడు.

"తేనె ఉంది, వేయించిన బాదం ఉంది, వెనకాల కాస్త కిరసనాయిలు కూడా ఉంది. కంగారు పడకండి, కిరసనాయిలు ఉంటే మంచిదే." ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, కాసేపు లోకంలో లేకుండా పోయాడు. తర్వాత అడుగున మిగిలిన పలుకుల్ని వేలితో తీసి నోట్లో వేసుకుని కరకర నమిలాడు.

డేగ ఒక్క అంగలో వెళ్లి ఆయన దవడ పట్టుకుని రెండు వేళ్లు నోట్లోకి దూర్చాడు.

"వదలవయ్యా మహానుభావా, కట్టుడు పళ్లు ఊడొస్తాయి," అన్నాడు పెద్దాయన ఎలాగో విడిపించుకుని.

"గాజు మింగారు మీరు."

"గాజు కాదు, పులుపు. ద్రాక్షలో ఉండే పులుపే. బాగా చలి తగిలితే ఇలా పటికబెల్లంలా గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. నాలుగు రాళ్లున్న కంపెనీలు ముందే చల్లబెట్టి వడగట్టేస్తాయి, ఈ చవకవాళ్లకి అంత ఓపికెక్కడిది. నమ్మకపోతే మరిగే నీళ్లలో వేసి చూడండి. గాజైతే కరగదుగా."

వంటింట్లోకి వెళ్లారు. డేగ కెటిల్ పెట్టి, మరిగిన నీళ్లు తెల్ల కప్పులో పోసి, చిటికెడు పలుకులు వేశాడు. చెంచాతో కలిపాడు. కప్పు అంచు మీదికి వంగి చూశాడు. చీమ కుంటును పట్టేసిన కళ్ల ముందే పలుకుల అంచులు మెత్తబడ్డాయి, చిన్నవయ్యాయి, లేకుండా పోయాయి. కప్పులో నీళ్లు మిగిలాయి. డేగ ఆ నీళ్లు నోట్లో పోసుకున్నాడు. పుల్లగా ఉన్నాయి.

"చెప్పానా," అన్నాడు పెద్దాయన. "ఇంకెన్ని ఉన్నాయి మీ దగ్గర?"

డేగ కప్పు కింద పెట్టాడు. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే కుర్చీ అందలేదు. నేల మీదే కూర్చున్నాడు. ఆ పులుపు ఖాళీ కడుపుతో పడదులెమ్మని సర్దిచెప్పి, మళ్లీ వస్తానని పెద్దాయన ఈలవేసుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్య తమ్ముడి గది నుంచి వచ్చింది. రెండు నెలలుగా రోజూ వెళుతోంది. చెప్పులు విప్పుతూనే అంది, "వాడికి వారం పది రోజుల కన్నా ఎక్కువ లేదన్నాడు డాక్టరు. చూసేదుంటే వెళ్లి చూడండి." కుళాయిలో నీళ్లు రావట్లేదని చెప్పినట్టే చెప్పింది. పద్నాలుగేళ్లలో ఆమె అతనితో ఒక్క ఊపిరిన ఇన్ని మాటలు అనడం అదే మొదలు. అతను తలూపాడు. రెండు మాటలు చెప్పాల్సి ఉంది, గాజు కాదే అని. చెప్పకుండానే కంచం ముందు కూర్చున్నాడు.

మర్నాడు ఆమె అటు వెళ్లగానే ఇతను కిందికి దిగాడు. కెటిల్, తెల్ల కప్పు, పాత గుడ్డ, పెద్ద గిన్నె, పెద్దాయన దగ్గర అరువు తెచ్చిన బిరడా మర ముందు పెట్టుకున్నాడు. ఒక్కో సీసా మూత తీసి, గుడ్డలో వడగట్టి, గుడ్డ మీద మిగిలిన పలుకుల్ని మరిగే నీళ్లలో వేస్తున్నాడు. ఎందుకంటే తొంభై ఐదు సీసాలున్నాయి. అన్నింటిలోనూ పులుపే ఉండాలని ఏముంది? ఒక్కదాంట్లో, ఒక్క ముక్క, గసగసాల గింజంత నిజమైన గాజు దొరికితే చాలు. దొరికితే తను చూసింది చూసినట్టే. దొరక్కపోతే, తను ఇన్నేళ్లూ ఎత్తుకుని తిరిగిన తల ఇంకొకడి మెడ మీద కాలు వేసి ఎత్తుకున్నది.

పది సీసాలు కరిగిపోయాయి. ఇరవై కరిగిపోయాయి. మొదట్లో వైన్ పారబోశాడు. తర్వాత చెయ్యి రాక నోట్లో పోసుకుని చూశాడు. జీవితంలో ఎన్నడూ తాగినవాడు కాదు. పెద్దాయన లెక్క తప్పలేదు. కొన్ని చప్పగా, చచ్చిపడి ఉన్నాయి. కొన్ని పంటి కింద నిప్పులా పుల్లగా ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఒకటి తగిలేది, చలికాలం గుమ్మంలో పడే ఎండలాగా, లోపలికి దిగాక కూడా వెళ్లకుండా నిలిచేది. అలాంటిది తగిలిన ప్రతిసారీ అతనికి ఏడుపొచ్చేది. అంత బాగున్నది తన కిందనే పద్నాలుగేళ్లు పడుకుని ఉంది, మూత తీయమన్న మనిషి పెంకులు కొడుతున్నాడు.

ముప్ఫై మూడో సీసాలో ఒక పలుకు కరగలేదు.

డేగ కప్పు మీదికి వంగాడు. చెంచాతో నొక్కాడు, కరగలేదు. ఇంకా నీళ్లు కాచి పోశాడు, కరగలేదు. దాన్ని గోటి మీద పెట్టుకుని, మెట్లు రెండేసి ఎక్కి, కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. కెటిల్ మూతి దగ్గర పూత ఊడిన పెచ్చు అది. తెల్లగా, ఒకవైపు నీలం చుక్కతో.

మూడో రోజు మధ్యాహ్నానికి అరవై సీసాలయ్యాయి. గ్లాసొకటి చెయ్యి జారి పగిలింది. డేగ పెంకులు ఏరుతూ ఏరుతూ ఒక చిన్న ముక్క దగ్గర ఆగిపోయాడు. అచ్చం ఆ పలుకంత ఉంది. దీన్ని ఒక సీసాలో వేసి, బిరడా బిగించి, ఎవరైనా అడిగితే చూపించొచ్చు. అడిగేవాళ్లెవరూ లేరు కూడా. తనకు తనే చూపించుకుంటే సరిపోతుంది. పాలు పొంగేంతసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మిగతా పెంకులతో పాటు చెత్తబుట్టలో వేశాడు. అరలోంచి మూత తీయని సీసా ఒకటి తీసుకుని, పెద్దాయన మరతో పాటు గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరాడు.

బావమరిది గది టైర్ల దుకాణం పైన ఉంది. ఇనప మెట్లు, రేకుల కప్పు, ఒక మంచం, మంచం పక్కన మనిషెత్తు ఆక్సిజన్ బండ. మనిషి మాత్రం మంచం మీద దుప్పటి ముడతలాగా ఉన్నాడు. అయినా గుమ్మంలో డేగను చూసి మొహం మీంచి ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపాడు.

"డేగ దిగింది," అన్నాడు ఊపిరి అందకుండానే. "అక్కా, కోడిపిల్లలుంటే దాచిపెట్టు."

భార్య పాలు చల్లారుస్తోంది. మొగుడి వైపు చూసి, మళ్లీ పాలవైపు చూసింది.

"ఎలా ఉందిరా?" అన్నాడు డేగ, ఏమనాలో తెలీక.

"సైకిలు ట్యూబులా ఉంది. నువ్వొస్తావని తెలుసు. రాకపోతే నేనే వద్దామనుకున్నా, కానీ మెట్లు దిగాలంటే నలుగురు కావాలి. ఎలాగూ ఇంకో నాలుగు రోజుల్లో వస్తారు ఆ నలుగురూ." తన మాటకు తనే నవ్వి, దగ్గి, తేరుకున్నాడు. "కూర్చో బావా. ఒకటి చెప్పాలి నీకు. అక్కా, నువ్వూ విను."

"మాట్లాడకురా, ఆయాసం వస్తుంది," అంది అక్క.

"రానీ. బావా, ఆ రోజు నువ్వు చూసింది నిజమే. ఆ సీసాలొచ్చిన షిఫ్టులో నేను నిద్రపోయాను. మధ్యాహ్నం, భోజనం చేశాక, పొయ్యి పక్కన వెచ్చగా ఉంటే కన్నంటుకుంది. ఎంతసేపో తెలీదు. లేచేసరికి పొయ్యి వేడి చూపించే ముల్లు ఎక్కడుండాలో అక్కడ లేదు. గబగబా సరిచేసేశా. ఎవరికీ చెప్పలేదు. నీ మీద పళ్లు నూరుతూ మూడేళ్లు తిరిగాను. తర్వాత పెంకులు కొడుతూ కొడుతూ అనుకున్నా, బావ అబద్ధం చెప్పలేదే, నేనే కదా నిద్రపోయింది అని. అది ఒప్పుకున్న రోజు నుంచీ నాకు హాయిగా ఉంది బావా. చేసిందానికి పడ్డాను, అంతే. ఊరికే పడలేదు." అక్క చెయ్యి పట్టుకున్నాడు. "పాపం బావతో ఇన్నేళ్లు మొహం తిప్పుకున్నావు నువ్వు. ఇంక చాలు."

భార్య పాలగిన్నె పక్కన పెట్టింది. తర్వాత మూలనున్న పీట తీసుకొచ్చి, చేత్తో దుమ్ము తుడిచి, మొగుడి ముందు వేసింది.

"కూర్చోండి," అంది. "ఎండలో నడిచొచ్చారు. కాసిని పాలు తాగుతారా?"

డేగ పీట మీద కూర్చున్నాడు. ఇలాగే కూర్చుని పాలు తాగి లేచి వెళ్లిపోతే సరిపోతుంది. బావమరిది హాయిగా పోతాడు. భార్య తిరిగి అతనితో మాట్లాడుతుంది. ముగ్గురిలో ఎవరికీ నష్టం లేదు. అలాంటి బేరం అతనికి జీవితంలో ఇంకోసారి తగలదు. పాలగ్లాసు చేతికి వచ్చింది. వెచ్చగా ఉంది. గ్లాసును వెలుగుకేసి చూడబోయి చూపు దించుకున్నాడు.

"సంచిలో ఏంటి?" అన్నాడు బావమరిది.

డేగ పాలగ్లాసు కింద పెట్టి సీసా తీశాడు.

"అబ్బో. దాచావా ఇది?" బావమరిది చెయ్యి చాపాడు. బలం చాలక డేగే పట్టుకుని చూపించాడు. అడుగున పలుకులు కదిలాయి. "చూడు, ఇంకా ఎలా మెరుస్తున్నాయో నా నిద్ర ముక్కలు."

"దాన్నెందుకు తెచ్చారు ఇక్కడికి?" అంది భార్య.

డేగ మూత తీశాడు. పాత వైన్ వాసన మందుల వాసనను పక్కకు నెట్టి గదంతా పరుచుకుంది. మంచం పక్కనున్న ఖాళీ గ్లాసులో పలుకులతో సహా కాస్త వంచి, బిరడాకు అంటుకున్న పలుకుల్ని గోటితో గీకి, నాలుక మీద వేసుకుని నమిలాడు.

బావమరిది మంచం మీంచి లేవబోయాడు. "అక్కా, ఉమ్మించు, ఉమ్మించు. నా గురించి ఏంటి బావా ఇది, నాకు నీ మీద కోపమేం లేదు కదా."

"గాజు కాదురా," అన్నాడు డేగ. "ద్రాక్ష పులుపు. చలికి గడ్డకడుతుందంట. వేడినీళ్లలో వేస్తే కరిగిపోతుంది. అరవై సీసాలు చూశాను, అన్నీ కరిగిపోయాయి. నీ సీసాలో తప్పు లేదు. నువ్వు నిద్రపోయినా అవి బాగానే చల్లారాయి. నేను మూత తీయలేదు. నువ్వు తీయమన్నావు, నేను తీయలేదు."

ఆక్సిజన్ బండ బుసబుసమంటోంది. కింద దుకాణంలో ఎవరో టైరును నేలకేసి కొడుతున్నారు. బావమరిది నోరు తెరిచాడు, పాప నోరు తెరిచినట్టు. డేగ ఒక పలుకు అతని నాలుక మీద పెట్టాడు. అతను నోరు మూసి, కదలకుండా, పైకప్పువైపు చూస్తూ ఉన్నాడు. గొంతు ఒకసారి పైకి కిందికి ఆడింది.

"గాజే," అన్నాడు.

"కాదురా, పుల్లగా—"

"గాజే. పద్నాలుగేళ్లు గాజు కొట్టాను నేను. రోజూ నోట్లోకి ఎగిరిపడేది. గాజు రుచి నీకేం తెలుసు బావా, నువ్వు చూసేవాడివి. అక్కా, నువ్వు చెప్పు. బావకి నా మీద జాలేసి కట్టుకథ చెబుతున్నాడు. చూడు, నువ్వే చూసి చెప్పు."

భార్య ముందుకు వచ్చింది. గ్లాసు అడుగు నుంచి ఒక పలుకు తీసుకుని నోట్లో వేసుకుంది. రెండు దవడల మధ్యా ఒకసారి నొక్కింది. ఆమె పెదవులు పులుపుకు కొద్దిగా ముడుచుకుపోవడం డేగ చూశాడు. అది కరిగేదాకా ఆమె ఆగింది. తర్వాత మొగుడి మొహంలోకి చూసింది, పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు చూడలేదు. అలా చూస్తూనే తమ్ముడితో అంది.

"ఔన్రా. గాజే. మీ బావకి వయసు మీద పడింది, కళ్లు కనపడటం లేదు."

"చెప్పానా," అన్నాడు తమ్ముడు. ఒళ్లంతా వదులై దిండు మీద వాలాడు. "పోన్లే బావా. మనసులో పెట్టుకోకు. ఏదీ, ఆ వైనొకసారి పట్టించక్కా. గాజు మింగాక ఇంకేం భయం."

ఆమె గ్లాసు పెదవులకు ఆనించింది. అతను ఒక గుక్క తాగి, ఇంకొకటి తాగాడు. "ఇంత చవకదీ," అన్నాడు నెమ్మదిగా, "ఇంత బాగుందేంటి." కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆక్సిజన్ గొట్టం సర్ది, నోటి చివర తడి చేత్తో తుడిచింది.

డేగ లేచి బయటికి వచ్చాడు. ఇనప మెట్ల పైమెట్టు మీద ఆమె అతన్ని కలుసుకుంది. తలుపు వెనక్కి దగ్గరగా లాగింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మంగళవారం."

"నేనొచ్చి వాడికి వారమే ఉందని చెప్పానే, ఆ మంగళవారమా?"

"ఆఁ."

"మూడు రోజులు ఏం చేశారు?"

"వెతికాను. ఒక్క ముక్కైనా దొరుకుతుందేమోనని."

"దొరికుంటే వచ్చేవారా?"

అతను మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. ఎండకు అది కాలుతోంది, వదలలేదు.

"వాడికి ఇంకెప్పుడూ చెప్పకండి," అంది. "ఊరికే పోయాడని తెలిసి పోకూడదు వాడు. ఆ మాట నేను మోస్తాను, నాకు అలవాటే." చేతికి అంటిన వైన్ తడిని గోడకు రాసింది. "గ్యాసు అయిపోవచ్చింది, రేపు పొద్దున్నే చెప్పండి. పాలవాడికి రోజూ ఒక్క ప్యాకెట్టే వేయమనండి, రెండు మీకెందుకు. దుప్పట్లు పై అరలో ఉన్నాయి, ఉతికినవి కుడివైపువి. నా బట్టల పెట్టె తీసుకెళ్లడానికి ఎవరినైనా పంపిస్తాను, మీరు తేనక్కర్లేదు."

"నువ్వు..." అన్నాడతను.

"వాడు లేస్తాడు," అని ఆమె లోపలికి వెళ్లింది.

తలుపు మూసుకుంది. లోపల తమ్ముడు ఏదో అన్నాడు, వినపడలేదు. ఆమె నవ్వింది. చిన్న నవ్వు కాదు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఎవరినో ఏడిపించినప్పుడు నవ్వే నవ్వు. ఆ నవ్వు ఇంకా ఆమె దగ్గర ఉందని డేగకు తెలియదు. అది ఆగేదాకా నిలబడి విన్నాడు. తర్వాత ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ కిందికి దిగాడు.